‘ఆదిమ’ అనే మాటను ఎలా చదవాలి?: హైమన్‌డార్ఫ్ ‘ద చెంచూస్’ గ్రంథంపై విమర్శ

మీరు గోలేటిలో ఉన్నారనుకుందాం. కాళ్ల కింద బొగ్గు పొరలు, చుట్టుపక్కల మండలాల్లో గోండు, కోలాం గూడేలు. ఈ రెండింటి గురించీ ‘అతి ప్రాచీనం’ అనే మాట వింటూ ఉంటారు. బొగ్గు విషయంలో అది నిజం. గోండ్వానా శిలల్లోని ఆ బొగ్గు వయస్సు 25 కోట్ల సంవత్సరాలకు పైమాటే. మరి మనుషుల విషయంలో? ఈ ప్రశ్నతో ఒక ప్రసిద్ధ గ్రంథాన్ని పరిశీలిద్దాం.

గ్రంథ పరిచయం

ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో నల్లమల అడవుల్లో చెంచుల మధ్య క్షేత్ర పరిశోధన చేశారు. దాని ఫలితమే 1943లో వెలువడిన ‘ద చెంచూస్’. హైదరాబాద్ రాజ్యంలోని తెగలపై ఆయన రాసిన గ్రంథమాలలో ఇది మొదటి సంపుటి. చెంచు పెంటల జీవనం, దుంపల సేకరణ, బంధుత్వం, నమ్మకాలు ఇందులో వివరంగా నమోదయ్యాయి. ఈ విలువను ఏ విమర్శకుడూ కాదనలేడు.

అయితే రచయిత చెంచులను వ్యవసాయానికి పూర్వం నాటి జీవన విధానానికి మిగిలిన అవశేషంగా చూశారు. మన అభ్యంతరం ఈ దృష్టి గురించే.

విమర్శ

మొదటి అభ్యంతరానికి ఆధారం ఆ గ్రంథంలోనే ఉంది. చెంచుల తవ్వుకోలకు ఇనుప మొన ఉంటుంది. వారు తెలుగు మాట్లాడతారు. వారికి ఇంటిపేర్లు ఉన్నాయి. మనిషి చరిత్రలో ఇనుము వాడకం కొన్ని వేల సంవత్సరాల నాటిదే. మైదాన ప్రాంతాలతో ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా ఇవన్నీ అడవిలోకి రావు. అంటే చెంచులు కాలం ఆగిపోయిన చోట లేరు. అడవిని ఆధారం చేసుకుని, మిగతా సమాజంతో సంబంధం పెట్టుకుని వర్తమానంలోనే జీవిస్తున్నారు.

రెండవది జీవశాస్త్రానికి సంబంధించినది. హోమో సేపియన్స్ సుమారు 3 లక్షల సంవత్సరాల క్రితం ఆఫ్రికాలో రూపుదిద్దుకున్నారు. నేడున్న మనుషులందరూ వారి సంతతే. కాబట్టి ఒక సమూహం పాతది, మరొకటి కొత్తది కావడానికి వీలులేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్, అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ రైక్ తదితరులు 2009లో ప్రచురించిన జన్యు అధ్యయనాన్ని గమనించండి. వారు పరిశీలించిన సమూహాల్లో చెంచులతో పాటు మాల, మాదిగ, వెలమ, వైశ్య సమూహాలు కూడా ఉన్నాయి. వీరందరిలోనూ అవే రెండు పూర్వీక జనాభాల మిశ్రమం కనిపించింది. తేడా పాళ్లలోనే. రాతి యుగం ఆనవాళ్లు కావాలంటే జ్వాలాపురంలో టోబా అగ్నిపర్వత బూడిద పొరల కింద, పైన దొరికిన రాతి పనిముట్లను చూడాలి. సాటి మనిషి ఇంట్లో వెతకకూడదు.

ఈ చర్చ ఎందుకు ముఖ్యం?

తిరిగి గోలేటికి వద్దాం. గోండ్వానా అనే పేరును భూగర్భ శాస్త్రజ్ఞులు గోండుల దేశం పేరు నుంచి తీసుకున్నారు. మనుషుల పేరు రాళ్లకు వచ్చింది. అంతమాత్రాన రాళ్ల వయస్సు మనుషులకు రాదు. ఆదిలాబాద్ రాజగోండులపై 1948లో హైమన్‌డార్ఫ్ రాసిన గ్రంథమే వారి గాథలను, వాటిని గానం చేసే పర్ధానులను మనకు చూపుతుంది. చాందాను ఏలిన గోండు రాజుల చరిత్ర అందరికీ తెలిసినదే. ఒక జనాన్ని ‘అవశేషం’ అన్నప్పుడు ఈ చరిత్ర అంతా కనుమరుగవుతుంది. చరిత్ర లేదనుకున్న వారికి భూమిపై హక్కు కూడా లేదనుకోవడం తేలిక.

న్యాయంగా మరో మాట చెప్పాలి. గోండులకు భూమి పట్టాలు దక్కాలని, పిల్లలకు గోండి భాషలో చదువు అందాలని కృషి చేసిన వారిలో హైమన్‌డార్ఫ్ ముఖ్యులు. గిరిజనుల భూములు ఎలా అన్యాక్రాంతమయ్యాయో 1982 నాటి తన గ్రంథంలో వివరించారు. అందులో గిరిజనులు అవశేషాలుగా కాక, నష్టపోతున్న సమకాలీన పౌరులుగా కనిపిస్తారు. ‘ద చెంచూస్’ను ఈ గ్రంథంతో కలిపి చదివితేనే ఆయన కృషిని సరిగా అంచనా వేయగలుగుతారు.

స్వయం పరిశీలన

మీ ప్రాంతంలోని ఏదైనా ఒక గిరిజన సమూహం గురించి పది వాక్యాలు రాయండి. ‘ఆదిమ’, ‘అనాగరిక’, ‘అవశేషం’ అనే మాటలు వాడకండి. వాటి స్థానంలో ఏ వాస్తవాలు రాయవలసి వచ్చిందో గమనించండి.