తలల లెక్క చాలునా? – ‘ది పాపులేషన్ బాంబ్’పై ఒక విమర్శ

1968లో అమెరికా జీవశాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ ‘ది పాపులేషన్ బాంబ్’ అను గ్రంథమును ప్రకటించెను. జనసంఖ్య హెచ్చుటచే 1970 దశకమున కోట్లకొలది జనులు ఆకలితో మరణింతురని ఆయన జోస్యము. అంతటి క్షామము రాలేదు. మేలురకపు విత్తనములు, ఎరువులు, నీటివసతి పంటలను పెంచినవి. అయినను భూమి వనరులకు హద్దు కలదన్న హెచ్చరికను త్రోసివేయరాదు.

మన అరకు కొండలనే చూడుడు. పోడు సేద్యమున అడవిని నరికి కాల్చి, కొన్నేండ్లు చోళ్లు, సామలు పండించి, పిమ్మట నేలను బీడు విడుతురు. చెట్లు మరల పెరిగి నేలకు సారము చేకూర్చును. కుటుంబములు హెచ్చినచో బీడుకాలము తగ్గును, నేల నిస్సారమగును. ఇంతవరకు ఎర్లిక్ వాదము సరియే.

కాని ఆ గ్రంథమున ప్రధానముగా తలల లెక్కయే కలదు. అది వెలువడిన దశకముననే ఈ కొండలను తొలిచి కొత్తవలస–కిరండూల్ రైలుమార్గమును వేసిరి. బైలడిల్లా ఇనుపఖనిజము ఆ దారిని విశాఖపట్టణమునకు, అటనుండి జపానుకు సాగెను. ఆ ఉక్కును వాడినవారు కొండవారు కారు!

జనసంఖ్యను తలసరి ప్రభావముతో గుణించినగాని వనరులపై భారము తెలియదు. 1971లో హోల్డ్రెన్‌తో కలిసి ఎర్లిక్ ఇట్టి సూత్రమునే వ్రాసెను. ఉపాధ్యాయులు తరగతిలో ఈ రెండు సంఖ్యలను కలిపియే బోధింపవలెను. లేనిచో పోడు రైతు ఒక్కడే దోషిగా నిలుచును.