అంచు మీద నిలిపిన పొర

ఫెర్రోసిన్ పొడిలో ఇనుముకూ కార్బన్‌కూ మధ్య దూరం తెలియాలంటే, 7,112 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరా ఆపైనా ఇనుము ఎక్స్ కిరణాలను ఎలా మింగుతోందో చూడాలి. మామూలుగా అందుకు సింక్రోట్రాన్ అనే భారీ ఎక్స్ కిరణ యంత్రం దాకా వెళ్లి వంతు కోసం కాచుకోవాలి. మన దేశంలోనైతే ఇందోర్‌లోని ఇండస్-2. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు కలిసి ఆ కొలతను గదిలో బల్ల మీద చేసి 2013లో ప్రచురించారు. నీటి ధార మీద లేజర్ కొట్టి ఎక్స్ కిరణాలు పుట్టించారు. తేలిన దూరాలు సింక్రోట్రాన్ ఫలితాలతో సరిపోయాయి.

లేజర్ సంగతి అలా ఉంచుదాం. అసలు పనితనమంతా అవతలి కొసన ఉన్న సెన్సర్‌లో ఉంది.

మోలిబ్డినమ్ ఒక్కటే అయితే 0.9 కెల్విన్ దగ్గర అతివాహకమవుతుంది. రాగి ఎంత చల్లార్చినా కాదు. ఈ రెంటినీ పొర మీద పొరగా పరిచి, మందాలు సరిచూసుకుంటే ఆ మార్పు 0.1 కెల్విన్ దగ్గరికి దిగుతుంది. పొరను సరిగ్గా ఆ మార్పు మధ్యలో, అటు పూర్తి అతివాహకం కాకుండా ఇటు మామూలు లోహం కాకుండా, నిలబెడతారు. పొరకు అంటించిన బిస్మత్ పలక మీద ఒక్క ఫోటాన్ పడుతుంది. అది తెచ్చే వేడి ఎంతని? ఒక జౌల్‌ను పదికోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఇంచుమించు ఒకటి. అంత మాత్రానికే పొర నిరోధం చప్పున పెరుగుతుంది.

ఇక్కడే నాకు ముచ్చటేసే కిటుకుంది. వోల్టేజి మారకుండా పట్టి ఉంచుతారు కాబట్టి, నిరోధం పెరిగితే కరెంటు తగ్గుతుంది, దాంతో పొరలో పుట్టే వేడీ తగ్గుతుంది. పైనుంచి ఎవరూ సర్దక్కర్లేదు, పొర తనంతట తానే మళ్లీ మధ్యకొచ్చి నిలుస్తుంది. కరెంటులో పడిన ఆ చిన్న గుంటను స్క్విడ్ అనే అతిసున్నితమైన కొలపరికరం చదువుతుంది; గుంట ఎంతో ఫోటాన్ శక్తి అంత. మామూలు సిలికాన్ డిటెక్టర్ 6,000 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర 130 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా ఉంటేగాని పోల్చుకోలేదు. దీనికి అయిదు చాలు.

అయితే ఇది నిదానస్తురాలు. ఒక ఫోటాన్ వేడి దిగకముందే ఇంకోటి పడితే లెక్క చెడుతుంది. సింక్రోట్రాన్ వెలుగు నేరుగా మీద పడితే ఉక్కిరిబిక్కిరే. బల్ల మీది మూలమా, అన్ని దిక్కులకూ చెదిరే పలచని వెలుగు. గంతకు తగ్గ బొంత! స్ఫటికాలు పెట్టి శక్తులను విడదీయబోతే ఆ కాస్త వెలుగులోనూ చాలా భాగం పారబోసుకున్నట్టే. ఇదైతే చేతికందిన ప్రతి ఫోటాన్‌నూ, అది ఏ శక్తిదైనా, లెక్కలో వేసుకుంటుంది. నిదానానికి విరుగుడుగా పిక్సెళ్లు పెంచుకుంటూ పోయారు, తర్వాతి పరికరంలో 240 దాకా. ఒక్కోదానికీ విడిగా తీగ లాగితే ఆ తీగల వెంటే వేడి లోపలికి దిగుతుంది కనుక, వరుసలవారీగా వంతులేసి చదువుతారు.