‘అట’ తొలగిన చోటు: బంధువుల జ్ఞాపకాల నుంచి కుటుంబ చరిత్ర – ఒక పరిశీలన

ఆత్మకథలను, జీవిత కథలను, కుటుంబ కథనాలను చర్చించేటప్పుడు తెలుగు విమర్శ ప్రధానంగా రెండు ప్రశ్నలు వేస్తూ వచ్చింది. చెప్పినది నిజమేనా అన్నది మొదటిది. చెబుతున్న గొంతు ఎవరిది అన్నది రెండోది. దళిత, స్త్రీవాద విమర్శలు బలపడిన తర్వాత రెండో ప్రశ్నకు ప్రాధాన్యం పెరిగింది. అది అవసరమైన మార్పే. అయితే ఈ రెండింటి మధ్య మరో ప్రశ్న మిగిలిపోయింది: చెప్పిన సంగతి చెప్పినవారికి ఎలా తెలిసింది?

తెలుగు వాక్యం ఈ ప్రశ్నకు జవాబును క్రియ చివరనే పెట్టుకుంటుంది. ‘తాత ఊరు విడిచాడు’, ‘తాత ఊరు విడిచాడట’ అన్న రెండు వాక్యాల్లో సమాచారం ఒకటే. అది వచ్చిన దారి వేరు. రెండో వాక్యం చెప్పిన మనిషి తాను చూడలేదనీ, ఎవరో చెప్పగా విన్నాననీ ఒప్పుకుంటున్నాడు. బంధువులు చెప్పుకునే జ్ఞాపకాలు అచ్చులోకి వచ్చేటప్పుడు ముందుగా రాలిపోయేది ఈ ‘అట’. అది రాలినప్పుడు శైలి మాత్రమే మారదు. ఒక ఇంట్లో ఎవరికి ఏ సంగతి చెప్పారు, ఎవరికి చెప్పకుండా దాచారు అన్న చరిత్ర కూడా దానితో పోతుంది. ఈ వ్యాసం వాదన ఇదే.

వంశ చరిత్రను నిలబెట్టుకోవడానికి తెలుగు సమాజంలో వ్యవస్థలు లేకపోలేదు. దాతృ కులాల గోత్రాలను, వంశక్రమాలను గానం చేసే పిచ్చికుంట్లవారు ఉన్నారు. మాదిగల పుట్టుకను జాంబపురాణంగా వినిపించే డక్కలివారు ఉన్నారు. ఇవి గొప్ప మౌఖిక సంప్రదాయాలు. కానీ వంశక్రమం తండ్రి నుంచి కొడుకుకు నడిచే వరస. కోడలిగా వచ్చిన స్త్రీ ఆ వరసలో తల్లిగా కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. ఆమె పుట్టింటి నుంచి వెంట తెచ్చుకున్న జ్ఞాపకానికి అక్కడ చోటు లేదు. ఇంటిలోపల పరిస్థితి ఇందుకు భిన్నం. రెండు కుటుంబాల సంగతులు తెలిసిన మనిషి సాధారణంగా ఆమే. బంధువుల జ్ఞాపకాలను వంశావళికి అనుబంధంగా మాత్రమే చూసే పరిశోధకుడు ఈ తేడాను పోగొట్టుకుంటాడు.

లిఖిత ఆధారాల వైపు చూసినా వినికిడి కనిపిస్తుంది. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వారి సహాయకులు సేకరించిన కైఫీయతులు కరణాల కవిలెల మీదా, గ్రామ పెద్దలు చెప్పిన మాటల మీదా ఆధారపడ్డాయి. వాటిలోనూ విన్న సంగతులు కొల్లలు. అయినా మనం కైఫీయతును ‘ఆధారం’ అంటాం. అదే పద్ధతిలో ఒక కూలి ఇంటి ముసలమ్మ చెప్పినదాన్ని ‘కథ’ అంటాం. వినికిడికి ఎంత విలువ కట్టాలో వినిపించినవారి స్థానమే నిర్ణయిస్తూ వచ్చింది.

కుటుంబానికి ఒక ఉమ్మడి జ్ఞాపకం ఉంటుందని, అది వ్యక్తుల జ్ఞాపకాలకు చట్రంగా పనిచేస్తుందని ఫ్రెంచి సామాజికవేత్త మారిస్ హాల్‌బ్వాక్స్ 1925లోనే ప్రతిపాదించాడు. మన పరిశోధనల్లో ఈ భావన తరచుగా వినిపిస్తుంది. ‘ఉమ్మడి’ అన్న మాట దగ్గర నాకు కొంత ఇబ్బంది ఉంది. ఉమ్మడి ఆస్తి అన్నప్పుడు అందరికీ సమాన వాటా ఉందని మనం అనుకోం కదా! జ్ఞాపకం విషయంలో ఆ జాగ్రత్త ఎందుకు పాటించం?

ఈ ఇబ్బంది నాకు పుస్తకాల నుంచి రాలేదు. వలస కుటుంబాల జీవిత కథనాలపై పరిశోధన మొదలుపెట్టినప్పుడు, పద్ధతిని పరీక్షించుకోవడానికి ముందుగా మా ఇంటివారి మాటలనే రికార్డు చేశాను. మాది పాలమూరు ప్రాంతం. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నిర్మాణానికి మా జిల్లా నుంచి కూలీలు గుంపులు గుంపులుగా వెళ్లారు. గుంపు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ డబ్బు తీరేదాకా కుటుంబం మొత్తం పని చేసేది. ‘పాలమూరు లేబర్’ అన్న పేరు వెనుక ఉన్న ఏర్పాటు ఇదే. మా తాత కుటుంబం కూడా అలా వెళ్లింది. వెళ్లిందన్న విషయంలో మా బంధువుల్లో భేదాభిప్రాయం లేదు. ఎందుకు వెళ్లిందన్న దగ్గర కథ చీలుతుంది.

పెదనాన్న చెప్పిన కథ స్పష్టంగా, ఒక వరుసలో ఉంటుంది. కరువు వచ్చింది, పంట పోయింది, తాత మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు, అందరూ లారీ ఎక్కారు. ఒక్క క్రియకు కూడా ‘అట’ లేదు. నాయనమ్మ మాటలు వేరుగా ఉన్నాయి: “మీ తాత మేస్త్రీ తాన అడ్వాన్సు దీస్కున్నడంట. నాకేమెర్క? లారీ ఎక్కేదాంక ఎవలూ చెప్పలె.” తాత చెల్లెలు ఇంకో విధంగా చెప్పింది: “దీస్కున్నడు. నా పెండ్లికే దీస్కున్నడు. రూపాయలు లెక్కవెట్టంగ సూసిన.”

నా మొదటి ముసాయిదాలో ఈ మూడింటినీ కలిపి ఒక వాక్యం రాశాను: ‘కరువు కారణంగానూ, చెల్లెలి వివాహ ఖర్చుల నిమిత్తమూ తాత మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకున్నాడు.’ పొందికైన వాక్యమే. మూడు కథనాలనూ సమన్వయం చేశానని సంతోషించాను కూడా. ఏడాది తర్వాత వేరే అవసరం కోసం ఆ రికార్డు మళ్లీ విన్నప్పుడు నాయనమ్మ నోటి ‘అంట’ దగ్గర ఆగాను. పెదనాన్న పుట్టింది డ్యామ్ దగ్గరి గుడిసెల్లో. అడ్వాన్సు తీసుకున్న రోజుకు ఆయన లేడు. ఆయన మాటలో ‘అట’ లేదు. నాయనమ్మ అప్పటికి ఆ ఇంటి కోడలు, అదే కప్పు కింద ఉన్న మనిషి. ఆమె మాటలో ‘అంట’ ఉంది. అప్పటికి లేని మనిషి చూసినట్టు చెబుతున్నాడు, ఉన్న మనిషి విన్నట్టు చెబుతోంది.

ఇందులో జ్ఞాపకశక్తి లోపం లేదు. తన రెక్కల కష్టాన్ని కుదువపెట్టిన ఒప్పందం తనకు తెలియకుండా జరిగిందని నాయనమ్మ అరవై ఏళ్లకు పైగా ఆ ఒక్క ప్రత్యయంతోనే చెబుతూ వస్తోంది. ఆడబిడ్డ పెండ్లి అప్పును రాళ్లు మోసి తీర్చింది ఆమె. ఆ డబ్బు లెక్కపెట్టగా చూసింది ఆడబిడ్డ. ఇద్దరికీ ఈ సంగతి తెలుసు, ఇద్దరూ ఎన్నడూ దాన్ని ముఖాముఖి మాట్లాడుకోలేదు. నా ‘సమన్వయ’ వాక్యం ఆ ఎడాన్ని పూడ్చేసింది.

ఆ తర్వాత ఒక దగ్గరి బంధువు దినాలకు అందరూ ఒకచోట చేరినప్పుడు సాగర్ ప్రస్తావన వచ్చింది. పెదనాన్న చెప్పాడు. మధ్యలో ఒకరు సంవత్సరం సరిచేశారు, ఇంకొకరు మేస్త్రీ ఊరు గుర్తుచేశారు. తాత చెల్లెలు పెండ్లి మాట ఎత్తలేదు. నాయనమ్మ తల ఊపింది. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు నాకు చెప్పిన కథ ఆ చాప మీద ఆమె నోట రాలేదు. మనం ‘ఉమ్మడి జ్ఞాపకం’ అని పిలిచేది తయారయ్యే పద్ధతి ఇదేనేమో: వయసు, వావి, మర్యాద కలిసి ఒకరి చేత చెప్పిస్తాయి, మరొకరి చేత తల ఊపిస్తాయి. పదిమందినీ కూర్చోబెట్టి చేసే సామూహిక ముఖాముఖిని క్షేత్ర పరిశోధనలో మేలైన పద్ధతిగా సిఫారసు చేసేవారు ఈ సంగతిని గమనించాలి.

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. ‘అట’ వినికిడిని మాత్రమే సూచించదు. అది సందేహాన్నీ, ఎగతాళినీ మోస్తుంది. ‘ఆయన పెద్ద పండితుడట!’ అన్నప్పుడు పాండిత్యం మీద నమ్మకం లేదనే అర్థం. ఎన్నడూ నమ్మకానికి నోచుకోని సమూహం తన చరిత్రను రాసుకునేటప్పుడు ప్రతి వాక్యం చివరా సందేహాన్ని తానే తగిలించుకోవాలా? కరణం కవిలెకు అక్కరలేని వినయం వీరికి మాత్రం ఎందుకు?

వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ను ఈ వెలుగులో చదవాలి. 2011లో ఇంగ్లీషులో వెలువడి, తరువాత పి. సత్యవతి అనువాదంలో తెలుగుకు వచ్చిన ఈ పుస్తకంలో, వంగపల్లిలో పూర్వీకుడికి నిజాం కానుకగా ఇచ్చిన భూమి దొర పాలు కావడం, తరువాత కుటుంబం ఊరు విడిచి రైల్వే కొలువు వైపు సాగడం తొలి ఘట్టాలు. ఇవి రచయిత పుట్టుకకు చాలా ముందటి సంగతులు, పెద్దల నోట విన్నవే తప్ప చూసినవి కావు. అయినా వాటిని ఆయన జరిగిన సంగతులుగానే కథనం చేస్తాడు. ఇంగ్లీషులో ‘అట’కు సమానమైన ప్రత్యయం లేదు కాబట్టి ఆ భాష ఈ పనిని సులువు చేసింది. అయితే దీన్ని భాషా సౌలభ్యంగా కొట్టిపారేయడం పొరపాటు. భూమి పోయిన కుటుంబానికి ‘భూమి ఉండేదట’ అనే వాక్యం సరిపోదు. ‘భూమి ఉండేది’ అనడమే ఒక హక్కు ప్రకటన. ఇక్కడ ‘అట’ను వదలడం సబబేనని నేను భావిస్తాను.

అదే పుస్తకంలో మరో చిక్కు ఉంది. శీర్షికే తండ్రిది. మూడు తరాల వరస తాత, తండ్రి, కొడుకుల మీదుగా సాగుతుంది. తల్లి, ఇతర స్త్రీలు కష్టజీవులుగా, ప్రేమమూర్తులుగా కనిపిస్తారు. కానీ ఏ సంగతి వారి నోట వచ్చింది, ఏది తండ్రి నోట వచ్చింది అని విడదీసి చూసే వీలు పాఠకుడికి తక్కువ. దొర ఎదుట హక్కును నిలబెట్టిన నిశ్చయార్థకమే ఇంటిలోపలి గొంతులను ఒకటి చేసేసింది. ఒకే వ్యాకరణ నిర్ణయం బయటి ప్రపంచంతో న్యాయంగా వ్యవహరించి, ఇంటిలోపల అంత న్యాయంగా ఉండకపోవచ్చు. దళిత కుటుంబ కథనాల మీద మన చర్చ మొదటి సగం దగ్గరే ఆగుతోంది.

సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీషులో ప్రచురించిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ ఈ సమస్యను ఇంకో మలుపు తిప్పుతుంది. శివసాగర్‌గా మనకు తెలిసిన కె.జి. సత్యమూర్తి ఆమె మేనమామ. ఆయనతోనూ, లెక్చరరుగా పనిచేసిన తన తల్లితోనూ జరిపిన సంభాషణలు ఆ పుస్తకానికి ప్రధాన ఆధారం. టేకు తోటల కోసం అడవి పోయాక మైదానానికి దిగిన పూర్వీకులు ఊరి దృష్టిలో అంటరానివారుగా మారిన కథతో కుటుంబ చరిత్ర మొదలవుతుంది. అక్కడి నుంచి మేనమామ, తల్లి ఇద్దరూ పాత్రలుగా, పేర్లతో, నవలలో వలె నడుస్తారు. ఒక విషయం గమనించదగ్గది. ఇంగ్లీషు వాక్యంలో తల్లినీ మేనమామనూ పేరుతో పిలిచి కథ చెప్పడం సాధ్యం. తెలుగులో ఆ పని చేయబోతే ‘వెళ్లాడు’ అనాలా ‘వెళ్లారు’ అనాలా, ‘మామయ్య’ అనాలా ‘సత్యం’ అనాలా అని అడుగడుగునా తేల్చుకోవలసి వస్తుంది. ఆ దూరం ఆమెకు మేలు చేసిందనే నా అభిప్రాయం. విప్లవోద్యమ చరిత్రలో స్థానం ఉన్న మేనమామతో సమానంగా, ఏ చరిత్రలోనూ పేరు లేని తల్లి జీవితం ఆ పుస్తకంలో నిలబడింది. బాలయ్య కథలో దొరకనిది ఇక్కడ దొరికింది. అయితే గొంతులు మాత్రం ఇక్కడా కథకురాలి గొంతులో కలిసిపోయాయి. తల్లి తన అన్న గురించి చెప్పినది ఏది, అన్న తన గురించి చెప్పుకున్నది ఏది అన్న తేడా చాలా చోట్ల చెరిగిపోయింది.

మరి వేరే మార్గం ఉందా? తెలుగులోనే ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల కథనాలను విడివిడిగా, వారి మాటల్లోనే ఉంచింది. అది కుటుంబ చరిత్ర కాదు. కానీ ఒక సంఘటనను ఇద్దరు రెండు విధాలుగా చెబితే రెంటినీ ఉండనివ్వవచ్చునని చూపింది. గోగు శ్యామల ‘నేనే బలాన్ని’లో టి.ఎన్. సదాలక్ష్మి స్వయంగా చెప్పుకున్న మాటలే జీవిత కథకు వెన్నెముక. శిష్ట భాషలోకి దిద్దని ఆ మాటలో తాను చూసిన సంగతినీ విన్న సంగతినీ వేరుచేసే గుర్తులు నిలిచే అవకాశం ఎక్కువ. ప్రామాణిక వచనంలోకి మార్చడాన్ని మనం భాషా సంస్కరణగా మాత్రమే చూస్తున్నాం. యాసతో పాటు సాక్ష్యం కూడా సవరణకు గురవుతోంది.

ప్రతి వాక్యానికీ ‘అట’ తగిలించాలని నేను కోరడం లేదు. అలా రాస్తే చదవడం దుర్భరం. ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీయాలి అన్నది రచయిత తెలిసి చేయవలసిన పని అనీ, విమర్శకుడు అడగవలసిన ప్రశ్న అనీ మాత్రమే నా మనవి. దొర మీద, ప్రభుత్వం మీద, ఊరి మీద చెప్పే మాటలో దాన్ని వదలడానికి కారణాలు ఉన్నాయి. భర్త గురించి భార్య, అన్న గురించి చెల్లెలు, అత్తింటి గురించి కోడలు చెప్పే మాటలో దాన్ని వదలడానికి ముందు రికార్డు మళ్లీ వినాలి.

నా సిద్ధాంత గ్రంథంలోని ఆ అధ్యాయాన్ని తిరిగి రాశాను. పెదనాన్న కథనం, నాయనమ్మ కథనం, తాత చెల్లెలి కథనం ఇప్పుడు వేర్వేరుగా ఉన్నాయి. మూడింటిలోనూ బయలుదేరిన సంవత్సరం కలవదు, కలపలేదు. ముసాయిదా చదివి వినిపించినప్పుడు పెదనాన్నకు తన కథ పక్కన మిగతా రెండూ ఉండటం నచ్చలేదు. తాత చెల్లెలు తన పేరు రాయవద్దని మాత్రం అడిగింది, రాయలేదు. నాయనమ్మ తన భాగాన్ని రెండుసార్లు చదివించుకుని, మేస్త్రీ పేరు తప్పు పడిందని దిద్దించింది.