తెల్లబట్టను ఇంగ్లీషులో ఎవరు చెప్పారు?

స్త్రీల ఆరోగ్యానుభవాల మీద వచ్చిన గుణాత్మక పరిశోధనలను ఒకచోట చేర్చి సారం తీసే సమీక్షలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. విధానాలు రాసేవాళ్ల చేతికి తేలిగ్గా అందేవి ఈ సమీక్షలే. అక్కడికి చేరేసరికి మన ఆడవాళ్ల మాట ఎన్ని చేతులు మారుతుంది? ఆమె చెప్పింది, పరిశోధకురాలు రాసుకుంది, సమీక్షకులు కూర్చారు.

గర్భసంచి ఆపరేషన్ల సంగతే చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 3.2 శాతం మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఎందుకిలా అన్నది ఆ స్త్రీలే చెప్పాలి. నల్లగొండ, విజయవాడ బస్సులాగే ఎల్‌బీనగర్‌లోనూ, దిల్‌సుఖ్‌నగర్‌లోనూ ఒకామె 'తీసేసిండ్రు' అంటుంది, ఇంకొకామె 'తీయించుకున్నా' అంటుంది. ఇది యాసలో తేడా మాత్రమేనా? మొదటి మాటలో నిర్ణయం డాక్టరుది. రెండో మాటలో ఆమెది, లేదా ఆమెదేనని నమ్మించినది. ఇంగ్లీషులో రెండూ 'ఆపరేషన్ అయింది' అనే ఒకే వాక్యమైపోవచ్చు. 'తెల్లబట్ట' అన్నప్పుడు ఆమె నీరసం, నడుంనొప్పి, క్యాన్సర్ భయం కూడా చెబుతుంది. ఇంగ్లీషులో స్రావం ఒక్కటే మిగులుతుంది.

సమీక్షలు ఎలా నివేదించాలో చెప్పే నియమాలున్నాయి. 2012లో వచ్చిన ఎన్‌ట్రెక్‌లో 21 అంశాలు. ఉటంకించిన మాట పాల్గొన్న మనిషిదా, పరిశోధకుల వ్యాఖ్యానమా చెప్పమంటుంది. చాలా అవసరమైన నియమం. మెటా ఎథ్నోగ్రఫీ కోసం 2019లో ఇమర్జ్ 19 ప్రమాణాలు పెట్టింది. 1988లో ఆ పద్ధతిని ప్రతిపాదించిన నోబ్లిట్, హేర్ ఒక అధ్యయనంలోని భావాలను మరోదాని భావాల్లోకి తేవడాన్ని 'అనువాదం' అన్నారు. అంత మంచి మాటను సొంతం చేసుకున్న పద్ధతిలో, తెలుగును ఇంగ్లీషు చేసిందెవరు అన్న ప్రశ్నకు మాత్రం విడిగా చోటు దొరకలేదు!

సాహిత్యం చదివే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలోని స్త్రీల కథనాలను వాళ్ల నోటిమాటగానే మన ముందు పెట్టింది. ఆ మాటతీరు పోతే ఆ చరిత్రలో సగం పోయేది.

అందుకే ప్రతి సమీక్షా మూడు సంగతులు చెప్పాలి. ఆమె ఏ భాషలో మాట్లాడింది? ఎవరు అనువదించారు? తెలుగులో అచ్చయిన పరిశోధనలను వెతికారా? కీలకమైన మాట దగ్గర మూలపదాన్నీ అచ్చువేయాలి. పత్రికలో చోటు చాలదంటారు. ఒక పదానికి ఎంత చోటు కావాలి? 'తీసేసిండ్రు' అన్న మాట కనబడకపోతే, తీసిందెవరని అడిగే అవకాశమే పోతుంది.