వికటకవికి అన్యాయం

కాళికాదేవి తెనాలి రామకృష్ణుణ్ణి 'వికటకవి' అన్న కథ తెలియని తెలుగువాళ్ళుండరు. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా మారని మాట అది. మొన్న వినుకొండలో, మా ఇంట్లో, మనవడి కంప్యూటర్ మాత్రం 'కాదు' అనేసింది!

తప్పు వాడిది కాదు, వాడి పాఠ్యపుస్తకానిది. మాటను తిరగేసి, అసలుదానితో పోల్చమంటుందది. ఇంగ్లీషుకి చెల్లే ఉపాయమే గాని, యూనికోడ్‌లో 'వి' అనేది ఒకటి కాదు. 'వ' ఒకటి, దాని గుడి ఒకటి. మన ఐదక్షరాల వికటకవి యంత్రానికి ఏడు ముక్కలు. తిరగేస్తే గుడి ముందుకొచ్చి కూర్చుంటుంది!

నంది తిమ్మన 'పారిజాతాపహరణం' చివరి ఆశ్వాసంలో, తుదినుంచి చదివినా తేడా రాని కందం అల్లాడు. ఆయన లెక్క అక్షరాలది. గుణింతం, ఒత్తు హల్లుని వదిలిపోవు. పుస్తకం రాసినవారు ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పవలసింది.

నా రెండో ఫిర్యాదు దుబారా గురించి. అసలు తిరగరాయడమెందుకు? రెండు కొసల నుంచీ లోపలికి జరుగుతూ పోలిస్తే సరి. వి-వి, క-క, రెండు పోలికలతో పని తీరింది. నడిమి 'ట' జోలికే పోనక్కర్లేదు. తేడా కనబడిన చోటే ఆగిపోవచ్చు. మిర్చి బేరగాడు చేతికి తాలుకాయ తగిలాక టిక్కీ అంతా గుమ్మరించి చూస్తాడా?

అంకెలకీ అంతే. 12321లో చివరి అంకెలు ఒక్కొక్కటే తీసి తిరగపేర్చుకుంటూ పోతే, మూడోసారికి ఇటు 12, అటు 123 ఉంటాయి. నడిమి 3 వదిలేస్తే రెండూ ఒకటే. సగంలోనే తేలిపోయింది. అయితే సున్నాతో ముగిసే సంఖ్యల్ని ముందే తోసిపుచ్చాలి; లేకుంటే ఈ పద్ధతి 10ని కూడా 'అవును' అంటుంది. ఒక్క 0కే మినహాయింపు. పుస్తకంలో ఈ జాగ్రత్తా లేదు.

మనవడు మాటను అక్షరాలుగా విడగొట్టి, కొసల నుంచి పోల్చాడు. 'అవును' అని వచ్చింది. ఇక తిమ్మన కందం ఇవ్వమన్నాను.

"ముందు పదాల మధ్య ఖాళీలు, పాదాల విరుపులు తీసెయ్యాలి తాతయ్యా" అన్నాడు.

అది పుస్తకంలో ఉందా అంటే, లేదన్నాడు.