చుక్కల్లో పేరు

ఆత్మకూరు బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల కొట్లో బేరం ముగిశాక నాకు నచ్చే పని మొదలవుతుంది. "పేరేం వేయమంటావమ్మా?" అని ఓ మూల పీట మీద కూర్చున్న మనిషి అడుగుతాడు. మా అమ్మ నోటితో చెప్పేది కాదు, చీటీ మీద రాసిచ్చేది. అక్షరం తప్పు పడితే ఆ గిన్నె ఉన్నన్నాళ్లూ ఆ తప్పును తోముకోవాలి కదా.

అతని చేతిలో లావుపాటి పెన్నులాంటి కరెంటు మిషను. స్విచ్చి వేస్తే కందిరీగలా జుమ్మంటుంది. లోపలి సూది నిమిషానికి సుమారు 6,000 సార్లు కొడుతుంది. అతను ముందుగా గీత గీసుకోడు, కొలత పెట్టుకోడు. గిన్నెను తొడ మీద ఒరిగించి, అంచు కింద బొటనవేలు ఆనించి, ఆ వేలినే కొలబద్ద చేసుకుంటాడు. చాలాసేపు చూశాక గాని నాకు కిటుకు తెలియలేదు. మిషను పట్టిన చెయ్యి కదిలేది తక్కువ, గిన్నె తిరిగేది ఎక్కువ. 'ల' రాయాలంటే గిన్నెను అటు కాస్త, ఇటు కాస్త తిప్పుతాడు. సున్నా అయితే గిన్నే గుండ్రంగా తిరిగొస్తుంది. మన అక్షరాల వంపులకు ఇంతకన్నా తగిన పద్ధతి లేదనిపిస్తుంది. తలకట్టు మాత్రం మణికట్టు విదిలింపు. "ఒత్తితే లోతు పడద్ది గానీ అందం పోద్ది సార్" అన్నాడోసారి, తల ఎత్తకుండానే.

దగ్గరగా చూస్తే ఆ పేరు గీత కాదు, చుక్కల వరుస. ఒక్కో చుక్కా స్టీలుకు తగిలిన గాయమే. ఇనప మూకుడు మీద ఇలా పొడిస్తే, తడి తగిలిన మర్నాటికే పేరు ఎర్రగా తుప్పు పట్టేది. స్టీలు గిన్నె మీద ముప్పై ఏళ్లయినా తెల్లగానే ఉంటుంది. అందుకు కారణం క్రోమియం. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం అది ఉండాలి. గాలి తగలగానే క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి పైన ఒక పొర కడుతుంది. దాని మందం రెండు మూడు నానోమీటర్లు, అంటే మన వెంట్రుకలో ఇరవై వేల వంతుల్లో ఒక వంతు. ఇనుము తుప్పు పొలుసులుగా రాలి కింది ఇనుమును మళ్లీ గాలికి అప్పగిస్తుంది. ఈ పొర రాలదు, అతుక్కుని ఉంటుంది. సూది దాన్ని చీల్చిన చోట కింద కూడా క్రోమియమే ఉంది కాబట్టి, అతను రెండో అక్షరానికి వెళ్లేలోపే మొదటి అక్షరం మీద కొత్త పొర వచ్చేస్తుంది.

ఆ సూది మొన కూడా ఆ ఇంటిదే. ఈ మిషన్లకు సాధారణంగా టంగ్‌స్టన్ కార్బైడ్ మొన వాడతారు. మూలకాల పట్టికలో క్రోమియం 24, దాని కింద మాలిబ్డినం 42, ఆ కింద టంగ్‌స్టన్ 74. ముగ్గురిదీ ఒకే నిలువు వరుస. చిన్నవాడు గిన్నెలో ఉంటే పెద్దవాడు వాడి మీద పేరు రాస్తున్నాడన్నమాట. నడిమివాడు మన వంటింట్లో పెద్దగా కనబడడు. ఉప్పును తట్టుకోవాల్సిన ఖరీదైన స్టీల్లో రెండు మూడు శాతం కలుపుతారు. మామూలు స్టీలు పొరను ఉప్పులోని క్లోరైడు అక్కడక్కడా తొలిచి గుంటలు పెడుతుంది. ఆవకాయను జాడీలోనే పెట్టాలని పట్టుబట్టే పెద్దవాళ్లకు ఈ సంగతి చూపుగా తెలుసు, పేరుగా తెలియదు.

క్రోమియాన్ని 1797లో ఫ్రాన్సులో వోక్లాఁ అనే రసాయనవేత్త కనిపెట్టాడు. దాని లవణాలు రంగురంగులుగా ఉండటంతో గ్రీకులో రంగు అనే మాట నుంచి పేరు పెట్టారు. ఇంటర్ ల్యాబులో చూసిన నారింజరంగు డైక్రోమేట్ దీని బిడ్డే, కెంపుకు ఎరుపు ఇచ్చేదీ ఇదే. తుప్పుపట్టని ఉక్కు కోసం మాత్రం 1913 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంగ్లండు షెఫీల్డులో బ్రేర్లీ అనే ఆయన తుపాకీ గొట్టాలు త్వరగా అరక్కుండా చేయబోయి, 12.8 శాతం క్రోమియం ఉన్న ఉక్కు పోశాడు.

కొట్లో అందరూ అయస్కాంతం పెట్టి చూస్తారు. అంటుకోకపోతే మంచి స్టీలని నమ్మకం. ఇది సగం నిజమే. 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్ ఉన్న మేలురకం అంటుకోదు, నిజమే. నికెల్ తగ్గించి మాంగనీసు పోసిన చవకరకం కూడా అంటుకోదు! నికెల్ లేని క్రోమియం స్టీలు గట్టిగా అంటుకుంటుంది, అయినా తుప్పు పట్టదు. అంతెందుకు, మేలురకం గిన్నె కూడా వంచి నొక్కిన అంచు దగ్గర కాస్త పట్టుకుంటుంది. ఓసారి ఈ పరీక్షను నమ్మి కొన్న గరిటెలు ఏడాదికే చుక్కలు పడ్డాయి. అప్పట్నుంచి నేను అయస్కాంతం కన్నా పేరు కొట్టే మనిషి ముఖం చూస్తాను. సూది కింద లోహం ఎలా పలుకుతుందో అతనికి తెలుసు.

మోటారు సైకిలు హేండిలు మెరుపు వేరే కథ. అక్కడ ఇనుము మీద నికెల్, దానిపై పల్చగా క్రోమియం పూస్తారు. పూత లేచిన చోట కింద ఉన్నది మామూలు ఇనుమే, ఇక మానదు. ఇత్తడి గిన్నెల కళాయి కూడా అంతే. తగరం గీచుకుపోతే పులుసు చిలుమెక్కేది. అందుకే ఆ గిన్నెల్లో చెక్క గరిటె తిప్పేవారు.

చెక్క గరిటె అంటే మాకు ఉదయగిరిదే. దుర్గం కొండల్లోని నర్ది, బిక్కి లాంటి కర్రలతో అక్కడి కుటుంబాలు చేసే గరిటెలకు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మా ఇంట్లో ఒకటుంది. కాడ, గుంట ఒకే కర్రలోంచి తీసినవి, ఎక్కడా అతుకు లేదు. మెడ దగ్గర ఆకురాయి ఆపిన చోటు వేలికి తెలుస్తుంది. దానికి ఏ పొరా లేదు, పైన ఏదో లోపలా అదే. స్టీలు గిన్నెకు దాని కాపలా అక్కర్లేదు గానీ, ఇప్పుడు నాన్‌స్టిక్ పెనం పుణ్యాన మళ్లీ చేతికొచ్చింది.

మొన్న చెల్లెలి కూతురి పెళ్లికి బిందె కొన్నాం. పేరు, తేదీ అయ్యాక అతను పొడిని ఉఫ్‌మని ఊది, బొటనవేలితో ఓసారి తుడిచి, వెలుతురుకు తిప్పి చూసుకున్నాడు. 'సౌ'కు ఒక చుక్క తక్కువైందట. మళ్లీ స్విచ్చి వేశాడు.