మన్యపు బడిలోఁ జిత్రగ్రీవుని కథ

బాలురకుఁ బనియందు శ్రద్ధ గలిగించుట యెట్లను ప్రశ్నకు మన నీతికవులు చిరకాలముగా సమాధానము చెప్పుచునే యున్నారు. భర్తృహరి సుభాషితములు విఘ్నభయముచేఁ బని మొదలిడనివానిని, నడుమ విడుచువానిని, తుదముట్ట సాగించువానిని వేఱుపఱచి చూపినవి. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853వ సంవత్సరమున వెలువడినది మొదలు పెక్కుతరముల తెలుఁగుబాలురు ఉద్యమప్రశంసను ఆ గ్రంథమునందే చదివిరి. అందలి మిత్రలాభమున వచ్చు పావురముల కథను అరకులోయలోని యొక బడిలోఁ జదివినచో నది యెట్లు వినఁబడునో విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

కథ వినువారెవ్వరో ముందుగాఁ జూడవలయును. సుదర్శనమహారాజు కొడుకులు చదువు లేక తిరుగుచుండఁగా విష్ణుశర్మ వారి నాఱునెలలలో నీతికోవిదులఁ జేయఁబూనెను. ఆ రాకుమారులు నాగలి పట్టవలసినవారు కారు. నీరు మోయవలసినవారు కారు. వారికిఁ జెప్పిన యుద్యమము రాజ్యతంత్రమునకుఁ జెందిన పూనిక. దానినే మనము పల్లెబడికిఁ దెచ్చి, పలక పట్టిన ప్రతిబాలునకును జేతిపనిని గూర్చిన బోధగా నప్పగించితిమి. ఈ మార్పును మన విమర్శకులు తగినంతగా గమనింపలేదని నాకుఁ దోఁచును.

ఇఁక నరకు బిడ్డను జూతము. అనంతగిరి దాఁటి అరకు, పాడేరు, చింతపల్లి వఱకు వ్యాపించిన తూర్పుకనుమలలో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, గదబలు, ఖోందులు మొదలగువారు నివసింతురు. పోడుసేద్యమునఁ దండ్రి కొండవాలునందలి పొదలను నఱికి, యెండిన పిమ్మటఁ గాల్చును. తొలకరికి సామలు, కొఱ్ఱలు, చోళ్లు, కందులు చల్లుదురు. కంకి పాలుపట్టినది మొదలు మంచె యెక్కి పిట్టలను దోలుట పిల్లల పని. మేఁకలఁ గాచుట, చెల్లెలిని జంక నెత్తుకొనుట, అడ్డాకులు కోయుట, కొండచీపుళ్లు మోపు గట్టుట, ఇవి యన్నియుఁ జిన్ననాఁడే యారంభమగును. తల్లి పెద్దకడవతోఁ దెచ్చు నీటిని బిడ్డ యానపబుఱ్ఱతోఁ దెచ్చును. పాత్ర చిన్నది, ఊట యొక్కటి, పొయ్యి యొక్కటి. గదబస్త్రీలు నారతో వస్త్రములు నేసినకాలమునఁ గూఁతులు తల్లిప్రక్కఁ గూర్చుండియే యా విద్య నేర్చిరి. మంచెమీఁద నిద్రించిన బాలునకు నీతిపద్యము వినిపింప నక్కఱలేదు. పిట్టలు తిన్న కంకులు తండ్రి కంటను, తన కంటను బడును. ఆ యేఁటి యంబలి పలుచనగును.

ఇట్లని కొండబ్రదుకును స్వర్ణయుగముగా వర్ణించుట నా యుద్దేశము గాదు. పసివానిని మోయుటకై చదువు మానిన యక్కలు పెక్కుమంది. మన్యపు జ్వరము పేరు వినని తెలుఁగువాఁడు లేఁడు. అచ్చటఁ బని యుపదేశముచేఁ గాక యింటివారితోఁ బాలుపంచుకొనుటచే నబ్బుచున్నదని మాత్రమే నా మాట.

ఈ బాలునకుఁ జిత్రగ్రీవుని కథ వినిపింపుఁడు. గోదావరీతీరమందలి బూరుగుచెట్టుపై నున్న లఘుపతనకమను కాకి వేకువనే వేఁటకానిఁ జూచి కీడు శంకించును. ఆతఁడు నూకలు చల్లి, వల పన్ని, పొంచియుండును. పావురములు చిక్కి, వలతోఁ గూడ నెగిరిపోవును. ఆతఁడు కొంతదూరము వెంటఁబడి, యాస విడిచి మరలును. పండితుఁడు దీనికి ఐకమత్యమని తాత్పర్యము వ్రాయించును. బాలుని మనసున మఱొక ప్రశ్న పుట్టవచ్చును. తెల్లవాఱకమున్నే లేచినవాఁడెవఁడు? పనిముట్టు సిద్ధపఱచుకొని యోపికతోఁ గాచినవాఁడెవఁడు? సుభాషితకారుని కొలతతోఁ గొలిచినచో వేఁటకాఁడు పని నారంభించినవాఁడు. విఘ్నము వచ్చినను వెంటనే విడువనివాఁడు. అయినను గథలో నాతని శ్రమకు శ్రమయను పేరు లేదు. ఆతనికి యిల్లు లేదు, పిల్లలు లేరు. కొండలలోఁ జైత్రమాసపు ఇటుకల పండుగకు మగవారు గుంపుగా వేఁటకుఁ బోవుట యాచారము. ఉచ్చు పన్నుట తండ్రి కొడుకునకు నేర్పు విద్య. తన తండ్రిని యముని ప్రతిరూపముగాఁ జూపు పాఠమునుండి యా బిడ్డ పనియందు గౌరవము నెట్లు నేర్చుకొనును?

ఇది సూరికిఁ దప్పు పట్టుట గాదు. పక్షుల కన్నులతోఁ జూచిన కథలో వేఁటకాఁడట్లే కనఁబడవలయును. తన బంధములను ముందుగాఁ గొఱుకఁబోయిన హిరణ్యకునితో, మొదటఁ దన పరిజనులను విడిపింపుమని చిత్రగ్రీవుఁడు చెప్పు ఘట్టమునకు సాటివచ్చునది మన బాలవాఙ్మయమున నరుదు. కూడి చేసిన పనిలో నాయకుని వంతు కడపటిదని గ్రహించుటకుఁ బోడు నఱికిన యింటిబిడ్డకు వ్యాఖ్యానమే యక్కఱలేదు. పండితులు ఐకమత్యమును బలుమాఱు వల్లింపించి యీ ఘట్టమును ద్వరగా దాఁటుట విచారకరము.

నిర్జనమైన యడవిలో నూకలెట్లు వచ్చెనని చిత్రగ్రీవుఁడు శంకించుటయుఁ గలదు. మైదానపు బాలున కిది కథలోని తెలివి మాత్రమే. కొండబాలున కట్లు గాదు. అడవిలోని కొల్లగింజ యొకచేయి చల్లినదే యని వాఁ డెఱుఁగును. ఊరక వచ్చిన గింజక్రింద వల యుండునని వాని తాత యెఱుఁగును. అప్పునకు బదులు మనిషినే పనికిఁ గుదువపెట్టుకొను గోతి పద్ధతి యీ కొండలలో బహుకాలము సాగినది. చెన్నపురి ప్రభుత్వము 1940లో మన్యపు ఋణదాస్యమును రద్దుచేయుచు శాసనము చేయవలసివచ్చెను. 1936 వఱకు విశాఖపట్టణము జిల్లాలోనే యుండిన కోరాపుట్టు కొండలను గూర్చి గోపీనాథ మహాంతి 1945లో రచించిన పరజా యను నొడియా నవలకు ఈ గోతియే ప్రాణము. అడవిచెట్లు నఱికినందులకు విధించిన జరిమానాకై సుక్రుజాని యప్పుచేసి, కొడుకుతోఁ గూడ సాహుకారునకు గోతి యగును. ఆ నవలలో సోమరి యెవ్వఁడు? సుక్రుజాని యింట నెవ్వరును గారు. పని పెరుగును, అప్పును బెరుగును. కడపటఁ గొడుకుల గొడ్డలి సాహుకారుమీఁదఁ బడును. శ్రమించినవానికి సిరి తప్పదను మన వాచకముల బోధ యీ నవలముందు నిలువదు. గూడెము ప్రాంతమున దారిపనికిఁ దగిన కూలి యీయక మన్యపువారిచేఁ బని చేయించుటయు, 1922లో అల్లూరి సీతారామరాజు నాయకత్వమున లేచిన తిరుగుబాటునకుఁ గారణములలో నొకటి. పోడు చేయువారిని సోమరులని వ్రాసిన దొరలు పెక్కురు. ఆ మాటను బరీక్షింపక మన బడులలోనికి దెచ్చుట మనకుఁ దగదు.

ఇట్టి బిడ్డలకుఁ జదువు చెప్పఁబూనినవారిలో గిడుగు రామమూర్తిపంతులుగారు (1863–1940) ప్రథమగణ్యులు. గ్రాంథికమున వ్రాయుచు నేను ఆయనను బ్రమాణముగాఁ జూపుట కొందఱకు నవ్వు పుట్టింపవచ్చును; పుట్టింపనిండు. పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి సవరభాష నేర్చి, యా భాషలోనే వాచకములు వ్రాసి, సవరపిల్లలకు బడులు పెట్టించిరి. గురువే ముందుగా శిష్యుఁడై కూర్చుండుట యిందలి విశేషము. 2004 ప్రాంతమున ఆంధ్రదేశమున సవర, కువి, కొండ మొదలగు నెనిమిది భాషలలోఁ బ్రాథమికబోధ యారంభమగుట ఆ త్రోవలోనిదే. కాని పుస్తకము భాష మాఱినంతమాత్రమున దానిలోని వేఁటకాఁడు మాఱఁడు.

గాంధీమహాత్ముని వార్ధావిద్యాపథకము (1937) చేతిపనిని జదువునకు నడుమ నిలిపినది. అది గొప్పయూహ. అయితే పిల్లలు చేసిన వస్తువుల విక్రయముచే బడిఖర్చు గడపవలయునను నంశమును వెట్టిచాకిరి యెఱిఁగిన కొండతండ్రి విన్నచో సందేహింపక మానఁడు. తన యింటి పొయ్యికై మోసిన నీరును, ఇతరుల లెక్కకై మోసిన నీరును బిడ్డభుజమునకు నొక్కటే బరువు, బిడ్డమనసునకుఁ గాదు.

ఆశ్రమపాఠశాలలలోఁ జేరిన పిల్లలకు నేఁడు అక్షరము దొరకుచున్నది, అన్నము దొరకుచున్నది. కంకి పాలుపట్టు దినములలో మంచెమీఁదఁ దండ్రి యొంటిగా నుండును. ఈ నష్టమును బూరింపఁగల వాచకము మనకు లేదు. ఉన్న వాచకమునే వేఱుగాఁ జదివింపవచ్చును. చిత్రగ్రీవుఁడు వలతో నెగిరిన పిదప, నా కథను వేఁటకాని కొడుకు నోటఁ జెప్పుమని బాలు నడుగవచ్చును. ఆ సాయంకాలము తండ్రి వట్టిచేతులతో, వల కూడఁ బోఁగొట్టుకొని, యింటికి వచ్చెను. మఱునాఁడు క్రొత్తవల కల్లుటకు నార యెవరు తెచ్చిరి, త్రాడు పేనునపుడు రెండవకొన యెవరు పట్టిరి? సూరి యచ్చట వేఁటకానిని విడిచి యెలుకకన్నమునకుఁ బోయెను. అరకు బిడ్డ యచ్చటనుండియే కథ చెప్పఁగలఁడు.